క్లోరిన్ బాబాయి మూడు సీసాలు

ఈత కొలనులో ఏ పిల్లాడైనా దొంగచాటుగా ఒంటేలు పోస్తే క్లోరిన్ బాబాయికి ఇట్టే తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందయ్యా అని అడిగితే, నీళ్లు చెబుతాయంటాడు. నీళ్లూ చెప్పవు, గీళ్లూ చెప్పవు. నడుం లోతు నీళ్లలో ఉన్నట్టుండి కదలడం మానేసి, అమాయకంగా ఆకాశంలోకి చూస్తున్న మొహమే చెప్పేస్తుంది. అలాంటి మొహం కనబడితే చాలు, ఈల మోగుతుంది. "ఎర్ర టోపీ, నిన్నే. బయటికి రా నాన్నా. మరుగుదొడ్డి అటుంది" అంటాడు బాబాయి, గట్టు మీదున్న వాళ్లందరికీ వినబడేలా. ఇక ఆ సెలవులన్నాళ్లూ ఆ పిల్లాడు తలెత్తుకోలేడు.

అలాంటి మనిషికి ఏ జబ్బు వస్తే నలుగురూ నవ్వుతారో సరిగ్గా ఆ జబ్బే వచ్చింది. అరగంటకోసారి ఒంటికి పరుగు.

మొదట్లో ఎవరూ గమనించలేదు. కనిపెట్టింది పిల్లలే. మెడలో ఈల ఊగుతుండగా బాబాయి మరుగుదొడ్డి వైపు లగెత్తడం, "బాబాయ్, అటు, అటు" అని నీళ్లలోంచి పిల్లలు దారి చూపించడం రోజువారీ వేడుకైపోయింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని గట్టు మీద కూర్చున్న తల్లులు కూడా ముసిముసిగా నవ్వుకున్నారు. బాబాయి కూడా వాళ్లతోపాటు నవ్వేవాడు. లోపల మంట మాత్రం అతనికే తెలుసు.

క్లోరిన్ బాబాయి అన్నది పిల్లలు పెట్టిన పేరే. ఆ కొలను బాగోగులన్నీ అతనివి. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి పంపుగది తెరుస్తాడు. గాజు గొట్టంలో కొలను నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, తిరిగిన రంగును బట్టి ఆ పూటకి ఎంత క్లోరిన్ పడాలో, ఎంత సోడా పడాలో తేలుస్తాడు. తర్వాత నీలం డబ్బా వంచి క్లోరిన్ కొలిచి పోస్తాడు. ఏళ్ల తరబడి ఇదే పని కావడంతో ఆ వాసన అతని చర్మానికి పట్టేసింది. సెంటు పూసుకుని పెళ్లికి వెళ్లినా ముందు క్లోరిన్ వస్తుంది, వెనకాల సెంటు వస్తుంది, ఆ తర్వాత బాబాయి వస్తాడు.

శుభ్రం విషయంలో అతనికున్నది శ్రద్ధ అంటే శ్రద్ధ నొచ్చుకుంటుంది. అది చాదస్తం. అక్క పెంపకం అలాంటిది. బాబాయి పుడుతూనే తల్లి పోయింది. తండ్రి లారీ మీద ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. పదమూడేళ్లు పెద్దదైన అక్కే తల్లి, తండ్రి, పంతులమ్మ అన్నీ అయి పెంచింది. కడగనిది ముట్టుకోనిచ్చేది కాదు, కడిగినదాన్ని రెండోసారి కడిగేది. ఇద్దరూ పెళ్లి జోలికి పోలేదు. కొలనుకి ఎదురుగా ఉన్న రెండు గదుల ఇంట్లో, సబ్బు నువ్వు ఎక్కువ అరగదీశావంటే నువ్వు ఎక్కువ అరగదీశావని పోట్లాడుకుంటూ హాయిగా కాలక్షేపం చేస్తున్నారు.

ఒకరోజు ఒంటికి వెళ్లినప్పుడు మూత్రం లేత గులాబీ రంగులో కనబడింది. ఇంకొకడైతే అక్కడే కూలబడేవాడు. బాబాయి వెళ్లి గాజు గొట్టం పట్టుకొచ్చాడు.

అతని తత్వమే అంత. భయం కన్నా ముందు కుతూహలం పుడుతుంది. గొట్టంలో పట్టి వెలుతురుకి ఎత్తి చూశాడు. లోపల సన్నటి నలక తేలుతోంది. సరే, చేతిలో విద్య ఉంది కదా అని కొలనుకి వేసే చుక్కే దీనికీ వేశాడు. రంగు పసుపుకి తిరిగింది. "ఆమ్లం ఎక్కువుంది" అని తీర్పు చెప్పుకున్నాడు. కొలనైతే రెండు దోసిళ్ల సోడా కలిపి చేతులు దులుపుకునేవాడు. ఒంట్లోకి ఎటునుంచి పొయ్యాలో తెలియలేదు.

"ఆ గొట్టం మళ్లీ కొలనులో ముంచావంటే నీ కాళ్లు విరగ్గొడతాను" అంది అక్క. "డాక్టరు దగ్గరికి నడు."

వీధి చివరి డాక్టరు మాత్రలు రాశాడు. వారం పాటు మంట తగ్గింది, మళ్లీ మొదటికొచ్చింది. ఇంకాస్త పెద్ద మాత్రలు రాశాడు. అవి మింగడానికే ఒక లోటా నీళ్లు పట్టేది, ఆ నీళ్లతో పరుగులు రెట్టింపయ్యాయి. చివరికి ఆయనే చేతులెత్తేసి, "ఇది నాకు అంతుపట్టేది కాదు, పెద్దాసుపత్రికి వెళ్లు" అన్నాడు. నిజం ఒప్పుకున్నందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

పెద్దాసుపత్రిలో అక్కడికక్కడే సీసాలో పట్టి ఇమ్మన్నారు. ఇచ్చాడు. ఆ సీసా ల్యాబు డాక్టరమ్మ చేతికి వెళ్లింది. ఆవిడ వయసు చిన్నదే. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఏదైనా అర్థం కాకపోతే అన్నం సహించని రకం. మైక్రోస్కోపు కింద చూస్తే బాబాయి మూత్రం నిండా చీము కణాలు కుప్పలు పోసి ఉన్నాయి. చీముందంటే దాన్ని పుట్టించిన క్రిమి కూడా ఉండాలి. అలాంటి మూత్రాన్ని ప్లేటు మీద పూసి వెచ్చగా ఉంచితే ఆ క్రిమి ఒకటి రెండు రోజుల్లో గుంపులు కట్టి బయటపడుతుంది. బాబాయి ప్లేటు మీద ఏమీ పెరగలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ ఇల్లంతా పొగే గానీ నిప్పు ఆచూకీ లేదు.

స్కాను తీశాక పెద్ద డాక్టరు అక్కాతమ్ముళ్లిద్దర్నీ కూర్చోబెట్టాడు. ఆయన కిడ్నీల సర్జను. బొమ్మ గీసి మరీ చెప్పాడు.

"ఇది మీ ఎడమ కిడ్నీ. ఉబ్బి ఉంది. ఇక్కణ్ణుంచి మూత్రం కిందికి దిగే గొట్టం ఇదిగో, ఇక్కడ బిగుసుకుపోయింది. లోపలికి కెమెరా పంపి చూద్దామంటే అది కూడా పట్టలేదు."

"పైపు మూసుకుంటే వెనక నీళ్లు నిలుస్తాయి కదండీ" అన్నాడు బాబాయి. పైపుల సంగతి అతనికి ఒకరు చెప్పాలా.

"అంతే. అది ఎందుకు బిగుసుకుందన్నదే ప్రశ్న. నాకు రెండు కారణాలు కనబడుతున్నాయి. ఒకటి గడ్డ, అంటే క్యాన్సరు. అదే అయితే కిడ్నీని, గొట్టాన్ని తీసేయాలి, ఆలస్యం చేయకూడదు. రెండోది టీబీ."

"టీబీ ఊపిరితిత్తులకి కదండీ వచ్చేది?"

"అక్కడ మొదలవుతుంది. నెత్తుట్లో పడి కిడ్నీలోకి వచ్చి, ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పడుకుని, ఎప్పుడో లేస్తుంది. అదే అయితే మందులున్నాయి. గొట్టంలో స్టెంటు పెట్టి దారి తెరిచి, మందులు వాడితే కిడ్నీ దక్కొచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ..."

"లేదు" అంది అక్క.

డాక్టరు చూస్తున్నది బాబాయి వైపు. సరే, చిన్నప్పటి సంగతులు పెద్దవాళ్లకే తెలుస్తాయి కదా అని, ఆ లేదు అన్నదాన్నే రాసుకున్నాడు.

ల్యాబు డాక్టరమ్మ మూడు సీసాలు ఇచ్చింది. "పొద్దున్న లేవగానే వచ్చే మొదటి మూత్రం మొత్తం ఇందులో పట్టి నేరుగా నాకు తెచ్చివ్వండి. వరసగా మూడు రోజులు. ఈ క్రిమి మహా బద్ధకంది. రోజూ దిగదు, దిగినా కాసినే దిగుతుంది. రాత్రంతా నిలవున్న మూత్రంలోనైతే చిక్కే అవకాశం ఉంటుంది. ఇది దొరికితే మీ కిడ్నీ మీకుంటుంది."

అంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు? ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మీకూ మండుతుంది, కాచుకోండి.

మర్నాడు బాబాయి బుద్ధిగా సీసా నింపాడు. నింపి మూత పెట్టబోతూ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఛీ అనిపించింది. దీన్ని ఆ పిల్ల చేతికివ్వాలి. ఆడకూతురు, డాక్టరు చదువు చదువుకుంది, పొద్దున్నే మూత తియ్యగానే ఈ కంపు మొహాన కొడితే ఏమనుకుంటుంది? మనిషికి మర్యాద ఉండొద్దా? పంపుగదిలోకి వెళ్లి, నీలం డబ్బాలోంచి ఒక మూతెడు క్లోరిన్ సీసాలో పోశాడు. బుస్సుమని కాస్త నురగొచ్చి అణిగింది. రంగు తేలిపోయింది, నలక మాయమైంది. ఇప్పుడు చూడు, ఎంత కళగా ఉందో అనుకుని, మూత బిగించి, సీసాని బయట కూడా తుడిచి తీసుకెళ్లాడు. ఇలా మూడు రోజులూ చేశాడు.

ల్యాబులో మూత తీసినప్పుడు కొలను వాసన కొద్దిగా తగలకపోలేదు. కానీ సీసా తెచ్చిన మనిషి దగ్గరే ఆ వాసన గుప్పుమంటుంటే సీసాని ఎవరు అనుమానిస్తారు?

క్రిమి జాడను పసిగట్టే మెషిను మూడుసార్లూ ఏమీ లేదంది. రంగు వేసి చూసిన గాజు పలకలూ ఏమీ లేదన్నాయి. ఆ కబురు విని బాబాయి మొహం వెలిగిపోయింది. "చూశావా అక్కా, మన ఒంట్లోంచి వచ్చేది కూడా ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు. అక్క కూడా గట్టిగా ఊపిరి వదిలింది. బాబాయి కన్నా ఆవిడే ఎక్కువ తేలికపడినట్టు కనబడింది.

ఆ సంబరం పెద్ద డాక్టరు గది గుమ్మం దాటేదాకానే.

"టీబీ లేదంటే మిగిలింది గడ్డే అనుకోవాలి" అన్నాడాయన. "ఇంకా చూస్తూ కూర్చుంటే అది పాకుతుంది. సోమవారం ఎడమ కిడ్నీ తీసేద్దాం."

 శుభ్రంగా ఉండటం కూడా నేరమా అనుకున్నాడు బాబాయి. అక్క మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది. "నాది తీసి వాడికి పెట్టండి" అంది.

"అవసరం లేదమ్మా. కుడిది బాగానే ఉంది. ఒక్కదాంతో బతకొచ్చు."

"అయినా పెట్టండి. నేను ఇస్తాను. ఈ రోజే తీసుకోండి."

సూది చూస్తే కళ్లు మూసుకునే మనిషి ఆవిడ. వద్దన్నకొద్దీ ఇస్తానంటూనే ఉంది, ఇంటికొచ్చే దారంతా అదే మాట. ప్రేమ ఉండొచ్చు గానీ, అక్కర్లేనిది ఇస్తానని ఇంత పట్టేమిటని బాబాయి ఆశ్చర్యపోయాడు. అడిగితే ఏడ్చింది. అక్క ఏడవడం అతను చూడలేడు, అడగడం మానేశాడు.

అక్కడ ల్యాబులో డాక్టరమ్మకి అన్నం సహించడం లేదు. ఆసుపత్రిలో ఇచ్చిన మూత్రంలో చీము కణాలు కుప్పలున్నాయి. ఇంటినుంచి తెచ్చిన మూడు సీసాల్లో ఒక్క కణం లేదు. ఇంట్లో ఒక మనిషి, ఆసుపత్రిలో ఒక మనిషా? పోనీ తగ్గిందనుకుందామంటే, చర్మం మీద అందరికీ ఉండే మామూలు క్రిములు కూడా లేవు. ఏ మనిషి ఒంట్లోంచీ అంత శుభ్రమైనది రాదు.

శనివారం సాయంత్రం కొలను మూసేవేళకి ఆవిడ గేటు దగ్గర ప్రత్యక్షమైంది. "దారిలో ఉంటే వచ్చాను" అంది. అబద్ధం చెప్పడం ఆవిడకి బొత్తిగా చేతకాదు, ఆ దారి ఎక్కడికీ పోదు.

బాబాయి పొంగిపోయాడు. పంపుగది ముందు కుర్చీ వేశాడు. మంచినీళ్లివ్వడానికి గ్లాసు తీసి, నీలం డబ్బాలోంచి మూతెడు క్లోరిన్ బకెట్లో పోసి, అందులో గ్లాసు ముంచి, తర్వాత కుళాయి కింద కడిగి నీళ్లు పట్టి ఇచ్చాడు. డాక్టరమ్మ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా ఆ డబ్బా వైపే చూస్తూ ఉండిపోయింది.

"బాబాయ్ గారూ, ఆ మూడు సీసాలు ఎలా నింపారో కాస్త చెప్తారా? మొదట్నుంచి."

"మీరు చెప్పినట్టేనమ్మా. లేవగానే మొదటిది. ఒక్క చుక్క బయట పడనివ్వలేదు."

"నింపాక?"

"నింపాక మూత పెట్టాను." నీలం డబ్బా చూపించాడు. "మూత పెట్టేముందు కాస్త క్లోరిన్ వేశాను. మూతెడే. మీకు వాసన రాకూడదని."

ఆవిడ నవ్వుతుందేమో, మెచ్చుకుంటుందేమో అని చూశాడు. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"కొలనులో క్లోరిన్ ఎందుకు పోస్తారు?" అని అడిగింది.

"క్రిములు చావడానికి" అన్నాడు బాబాయి.

ఆ మాట అతని నోట్లోంచి వచ్చి, అతని చెవుల్లో పడి, బుర్రకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక నీలం డబ్బాని కాలితో వెనక్కి నెట్టాడు.

"మీరు వాటిని చంపి తెచ్చి, బతికున్నాయేమో చూడమన్నారు నన్ను" అంది డాక్టరమ్మ. "చంపడం కూడా కాదు, మెషినుకి కూడా దొరక్కుండా చెరిపేశారు. చీము కణాలు కూడా కరిగిపోయాయి."

"అయితే నా కిడ్నీ నేనే తీయించుకోబోయానా?"

"ఇంకా తీయలేదుగా" అని ఆవిడ అక్కణ్ణుంచే పెద్ద డాక్టరుకి ఫోను చేసింది. ఆయన గొంతు బయటికి వినబడుతూనే ఉంది. ముందు నమ్మలేదు. తర్వాత ఏదో అన్నాడు గానీ, అది ఇక్కడ రాయదగ్గ మాట కాదు. చివరికి, "ఇంకో మూడు పొద్దులు ఆగుతాను. అంతకు మించి ఆగను, క్యాన్సరైతే ఆ పాపం నాది" అన్నాడు.

కొత్త సీసాలు వచ్చాయి. మర్యాద అంతా మూటగట్టి అటక మీద పెట్టి, బాబాయి వాసన వాసనగానే పట్టుకెళ్లాడు. సీసా మూసి డాక్టరమ్మ చేతిలో పెట్టేటప్పుడు సిగ్గుతో తల పక్కకి తిప్పుకున్నాడు. మొదటిరోజు చీము కణాలు తిరిగొచ్చాయి, టీబీ మాత్రం లేదంది మెషిను. రెండోరోజూ లేదంది. ఆ పూట బాబాయి కొలను గట్టున కూర్చుని ఎవరి మీదా ఈల వెయ్యలేదు. ఎర్ర టోపీ పిల్లాడు ఆకాశంలోకి చూస్తూ నిలబడినా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నవ్విన పిల్లలే భయపడి, "బాబాయ్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

మూడోరోజు సీసా ఇచ్చి ఇంటికి పోలేదు. ల్యాబు బయట బెంచీ మీదే కూర్చున్నాడు, లేచాడు, మరుగుదొడ్డికి పోయాడు, మళ్లీ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక తలుపు తెరుచుకుంది.

"దొరికింది" అంది డాక్టరమ్మ. "మామూలు మందులకి లొంగే రకమే. పెద్ద డాక్టరుకి చెప్పేశాను. కిడ్నీ తియ్యరు."

బాబాయికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, "చూడొచ్చా అమ్మా?" అని అడిగాడు. కుతూహలం అంటే కుతూహలమే మరి.

ఆవిడ నవ్వి లోపలికి తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. నీలంగా పరుచుకున్న దాని మీద, ఒక మూల, ఎర్రటి సన్నటి పుల్లలు రెండు కనబడ్డాయి. అంతకుమించి లేవు. బాబాయి కన్ను తియ్యకుండా చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లుగా లక్షలూ కోట్లూ చంపాడు గానీ ఒక్కదాన్ని ముఖాముఖి చూడటం ఇదే మొదలు.

"ఇంతేనా? ఇంత చిన్నవి నన్ను ఇంత పరిగెత్తించాయా?"

"పరిగెత్తించాయి."

"ఎప్పుడొచ్చి ఉంటాయి?"

"చెప్పలేం. చిన్నప్పుడే రావచ్చు. టీబీ ఉన్నవాళ్లు ఎవరో మీ దగ్గరగా దగ్గి ఉంటారు. రోజూ దగ్గరగా మసిలినవాళ్లు."

ఆ సాయంత్రం బాబాయి అక్కని అడిగాడు. లారీ మీద తిరిగేవాడు కదా, నాన్నకేమైనా ఉండేదా అని. అక్క పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

గొట్టంలో స్టెంటు పెట్టారు. బాబాయి బరువు చూసి మాత్రలు లెక్కగట్టి ఇచ్చారు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందు, తర్వాత కొన్ని తగ్గుతాయి, మొత్తం కనీసం ఆర్నెల్లు, బాగుందని మధ్యలో మానేస్తే మొదటికే మోసం అని డాక్టరమ్మ చెప్పింది. ఒక మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, హడలిపోవద్దని కూడా చెప్పింది. హడలడమా? బాబాయి దాని కోసం ఎదురుచూసి, వచ్చిననాడు మళ్లీ గాజు గొట్టం తీశాడు. ఈసారి అక్క ఆ గొట్టాన్ని నేలకేసి కొట్టి కొత్తది కొనిపించింది. ఇంకో మందు వల్ల కంటికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకుండా పోవచ్చు, అనుమానం వస్తే వెంటనే రమ్మన్నారు. రోజూ చుక్కల రంగు చూసి బతికేవాడికి అంతకన్నా మంచి పరీక్ష ఎక్కడుంది? పొద్దున్నే కొలను నీళ్లతోపాటు తన కళ్లనీ చూసుకునేవాడు. మంట తగ్గింది. పరుగులు గంటకొకటయ్యాయి, తర్వాత రెండు గంటలకొకటి.

ఒక్క ముల్లు మాత్రం మిగిలింది. పుండు మానేటప్పుడు చర్మం ముడుచుకున్నట్టే, మందులు పనిచేస్తున్నకొద్దీ లోపలి గొట్టం ముడుచుకోవచ్చట. స్టెంటు ఉన్నా సరే, నొప్పి కూడా లేకుండా కిడ్నీ చల్లగా చచ్చిపోవచ్చట. అందుకని రెండు నెలలకి స్కాను తీస్తామన్నారు. కిడ్నీ దక్కిందో లేదో ఆ రోజే తేలుతుంది. ఇంట్లో ఉండేవాళ్లు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలని మొదటిరోజే చెప్పారు గానీ, అక్క రేపు మాపు అంటూ తప్పించుకు తిరుగుతోంది.

స్కాను రోజు పొద్దున బాబాయి ఊరుకోలేదు. "కిడ్నీ తీసిస్తానన్నదానివి, ఫొటో దిగడానికి భయమా?" అన్నాడు. ఆ మాటకి అక్క చెప్పులేసుకుంది.

పెద్ద డాక్టరు స్కాను ముందు చూశాడు. ఆయన చూస్తున్నంతసేపూ బాబాయి కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"వాపు దిగింది. గొట్టం తెరిచే ఉంది. పూర్తిగా కాదు గానీ కిడ్నీ పనిచేస్తోంది. మీది మీకు దక్కింది, పొండి" అన్నాడాయన. ఆయన అంత గట్టిగా నవ్వడం నర్సు కూడా ఎప్పుడూ చూసి ఉండదు.

తర్వాత అక్క ఎక్స్‌రే వెలుతురు పలక మీద పెట్టాడు. నవ్వు మెల్లగా తగ్గింది. "పైన ఈ తెల్ల మచ్చ చూడండి. ఇది ఎప్పటిదో, పూర్తిగా మానిపోయింది. ఇప్పుడు మీకేమీ లేదు, మీవల్ల ఎవరికీ రాదు. కానీ ఒకప్పుడు మీకు టీబీ వచ్చింది కదమ్మా?"

అక్క నేల చూస్తూ ఊఁ అంది.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. బాబాయికి కోపం వచ్చింది. అలాంటిలాంటి కోపం కాదు, అక్క మీద ఎన్నడూ రానంత కోపం.

"ఆ రోజు డాక్టరు అడిగితే లేదన్నావు."

"అన్నాను."

"నేను క్లోరిన్ పోశానంటే బుద్ధి లేక పోశాను. నువ్వు తెలిసి తెలిసి ఎలా అన్నావక్కా? ఉందని ఒక్క మాట అనుంటే వాళ్లు ఇంకోసారి వెతికేవాళ్లు. సోమవారం తీసేసేవారు కిడ్నీ."

"తెలుసు. అందుకే నాది ఇస్తానన్నాను."

"కిడ్నీ ఇవ్వడానికి సిద్ధపడ్డావు గానీ నోరు విప్పి చెప్పలేకపోయావా?"

"అది తేలికరా" అంది అక్క.

 ఎదురుగా ఎవరినో చక్రాల కుర్చీలో తోసుకుపోతున్నారు. అక్క వాళ్లు వెళ్లిపోయేదాకా ఆగింది.

"నాకు పదిహేనేళ్లు. దగ్గితే నెత్తురు పడింది. బయటపడితే అప్పుడున్న అద్దె ఇల్లు ఖాళీ చేయించేవాళ్లు. నిన్ను తీసుకెళ్లి ఏ అనాథాశ్రమంలోనో పెట్టేవాళ్లు. నాన్నకి కూడా చెప్పలేదు. రోజూ ఆసుపత్రికి నడుచుకుంటూ పోయి సూది పొడిపించుకుని వచ్చేదాన్ని. అప్పట్నుంచి ఆ మాట నోట్లోంచి రాదు. లేదు అనడమే అలవాటైపోయింది."

సూది చూస్తే అక్క కళ్లు ఎందుకు మూసుకుంటుందో బాబాయికి ఇన్నేళ్లకి తెలిసింది. కోపం ఎటు పోయిందో పోయింది. పదిహేనేళ్ల పిల్ల అలా రోజూ నడిచి వెళ్లడం కళ్లకి కట్టింది.

"రోజూ ఒక్కదానివే వెళ్లేదానివా?"

"ఒక్కదాన్ని ఎందుకవుతాను? నువ్వున్నావుగా, చంకలో." అక్క కళ్లు తుడుచుకుంది. "అక్కడి డాక్టరు నిన్ను దగ్గరికి తీయొద్దని మరీ మరీ చెప్పాడు. ఆయన చెప్పినవన్నీ చేశాను తమ్ముడూ. అదొక్కటే చెయ్యలేకపోయాను. దింపితే ఏడ్చేవాడివి."